కర్ణాటక గొంతును ఒపెరాకు మలుచుకోవాలంటే

పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం ఒపెరా. దాని వేదిక మీద మైకు ఉండదు. ఆర్కెస్ట్రా మోగుతుండగా హాలు చివరి వరుస దాకా గొంతు సొంతంగా చేరాలి. అరిస్తే చేరదు. ఆర్కెస్ట్రా ధ్వనిలో బలం సుమారు 500 హెర్ట్జ్ దగ్గర ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. సాధన చేసిన మగ గొంతులో 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక పదును పుడుతుంది. వాయిద్యాలు పలచబడేది సరిగ్గా అక్కడే కాబట్టి అది వినబడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని కొలిచి చూపించారు. సోప్రానోల (అన్నిటికన్నా పైస్థాయిలో పాడే ఆడ గొంతుల) దారి వేరు: స్వరం పైకెక్కేకొద్దీ దవడ ఇంకా వదిలి, నోటి ఆకారాన్ని ఆ స్వరానికి సరిపెడతారు. అందుకే బాగా పైస్వరాల్లో ‘ఈ’ అచ్చమైన ‘ఈ’లా వినబడదు. అది తప్పు కాదు.

కర్ణాటక సంగీతం నేర్చినవారికి శ్రుతిజ్ఞానం, లయ, వేగం ముందే ఉంటాయి. అడ్డొచ్చేది స్థాయి. ఐదు శ్రుతిలో పాడే అమ్మాయికి ఆధారషడ్జం 196 హెర్ట్జ్, తారస్థాయి పంచమం 587. చాలామంది అక్కడితో ఆగుతారు. సోప్రానో 1,047 దాకా వెళ్లాలి. కింది గొంతు బరువును అలాగే పైకి మోసుకెళితే మెడ నరాలు తేలతాయి, స్వరం శ్రుతి కిందికి జారుతుంది, కొన్నాళ్లకు గొంతు బొంగురుపోతుంది.

కాబట్టి సాధన పైనుంచి కిందికి చేయాలి. ఖరహరప్రియ స్వరాల్లో, గమకం లేకుండా, తారస్థాయి మధ్యమం నుంచి ‘మ గ రి స ని’ అని దిగండి. స్వరాక్షరాలు పలకకుండా మెత్తని ‘ఊ’తో పాడాలి. ‘ని’ దగ్గరికి వచ్చేసరికి గొంతు టక్కున మందమైతే బరువు ముందే దిగిందన్నమాట. మళ్లీ ఇంకా సన్నగా మొదలుపెట్టండి. రోజుకు 10 నిమిషాలు చాలు. అది నునుపుగా వచ్చాకే మొదలుపెట్టే స్వరాన్ని అరస్వరం పెంచాలి.

మగవాళ్లకు చిక్కు మలుపు దగ్గర, అంటే కింది గొంతు పైగొంతుగా మారే చోట, వస్తుంది. ఒకటి శ్రుతిలో లెక్కేస్తే టెనర్ అనే పైస్థాయి మగ గొంతు తారస్థాయి రిషభానికీ పంచమానికీ మధ్య మలుపు తిరుగుతుంది. అంతకన్నా కిందిస్థాయి గొంతైన బారిటోన్‌కు ఇంకొంచెం కిందనే. అక్కడ ‘ఆ’ను వెడల్పుగా పట్టుకుంటే కంఠమణి పైకి లేస్తుంది. వేలు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. పైకెక్కేకొద్దీ ‘ఆ’లో ‘ఓ’ ఛాయ కలపండి. పాడేవారికి లోపల స్వరం మూసుకుపోయినట్టు అనిపిస్తుంది గానీ, దూరంగా వినేవారికి నిండుగా ఉంటుంది. మీ చెవిని నమ్మకండి, గది అవతలి మూలన ఫోన్ పెట్టి రికార్డు చేయండి.

ఊపిరికి ఒక పాత సాధన ఉంది. చేతులు కింది పక్కటెముకల మీద పెట్టి నాలుగు లెక్కలు పీల్చండి, గొంతు తెరిచి ఉంచి నాలుగు లెక్కలు ఆపండి, నాలుగు లెక్కలు ‘స్’ అంటూ వదలండి. వదిలేటప్పుడు పక్కటెముకలు కూలిపోకూడదు. వారానికో లెక్క చొప్పున పది దాకా పెంచండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఊపిరి కిక్కిరిసేలా పీల్చడం. అంత గాలిని ఆపడానికి గొంతే బిగుసుకుంటుంది.

గమకం మానుకోవడం కష్టమే. స్వరాన్ని కిందినుంచి జారుతూ అందుకునే అలవాటు ఒపెరాలో మరకలా వినబడుతుంది. ప్రతి స్వరాన్నీ నేరుగా తాకి, ఊపిరి తెగకుండా తర్వాతిదానికి వెళ్లాలి. వైబ్రాటో, అంటే స్వరంలో వచ్చే సన్నని ఊపు, సెకనుకు ఐదారుసార్లు దానంతటదే వస్తుంది. దవడ ఊపి తెప్పించకండి.

భాషలో మాత్రం తెలుగువారికి గొప్ప సాయముంది. ఇటాలియన్ ‘టి’, ‘డి’ అక్షరాలు మన త, ద. ట, డ కావు. ‘ఫాతో’ అంటే విధి, ‘ఫాత్తో’ అంటే చేసినది. ‘అక్క’, ‘అత్త’ పలికే నాలుకకు ఆ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. జాగ్రత్తపడాల్సింది ‘ఎ’, ‘ఒ’ల దగ్గర. మనకు హ్రస్వదీర్ఘాలు ముఖ్యం, వాళ్లకు నోరు ఎంత తెరుచుకుందన్నది ముఖ్యం.

వృత్తిలోకి దిగాలనుకుంటే గొంతు రకాన్ని తొందరపడి తేల్చకండి. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాల్లోని బరువు పాత్రలు మోసే గొంతులు మామూలుగా ముప్పై దాటాకే కుదురుకుంటాయి. ఇరవైల్లో వాటిని ఎత్తుకోవడం గొంతుకు చేసే అన్యాయమే. జర్మనీలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒపెరా హౌసులు ఎనభై దాకా ఉన్నాయి, అందుకే దేశదేశాల గాయకులు ఉద్యోగం కోసం అక్కడికే వెళతారు. ఆడిషన్‌కు వేర్వేరు భాషల్లో ఐదు అరియాలు (ఒపెరాలో ఒక్కరే పాడే పాటలు) సిద్ధంగా ఉండాలి. మొదటిది మీరు ఎంచుకుంటారు, రెండోది ఎదుట కూర్చున్నవారు అడుగుతారు. జలుబు చేసిన రోజు పాడలేని అరియాను ఆ ఐదింటిలో పెట్టకండి, వాళ్లు దాన్నే అడగవచ్చు.