కరెంటు పారే రబ్బరు ఎలా చేయాలి?

సిలికోన్ రబ్బరు కరెంటును పారనివ్వదు. బరువులో 2 శాతం కార్బన్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు) సరిగ్గా కలిస్తే పారనిస్తుంది. ఆ ‘సరిగ్గా’ దగ్గరే అందరూ తప్పు చేస్తారు. పొడి వేసి, స్పూనుతో తిప్పి, మీటరు కదలకపోతే ఇంకాస్త పొడి పోస్తారు. చివరికి చేతిలో మిగిలేది పట్టుకుంటే విరిగే నల్ల ముక్క.

సామాను: సిల్‌గార్డ్ 184 అనే ద్రవ సిలికోన్ 20 గ్రాములు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 2 గ్రాములు, మల్టీవాల్ (ఒకదానిలో ఒకటి దూరిన పొరల) నానోట్యూబులు 0.44 గ్రాము, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు, ప్రోబ్ సోనికేటర్ (శబ్ద తరంగాలతో ద్రవాన్ని కుదిపే కడ్డీ), ఐసు, వాక్యూమ్ డెసికేటర్ (లోపలి గాలి లాగేసే మూత పాత్ర), ఓవెన్. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. గ్లవ్స్ నైట్రైల్‌వే వేసుకోవాలి. లేటెక్స్‌లోని గంధకం హార్డెనింగ్‌కు పనికొచ్చే ప్లాటినమ్‌ను చంపేస్తుంది. ఈ సంగతి తెలియక ఒకసారి నేను మూడు రోజులు బంకముక్కలతో కుస్తీ పట్టాను.

ఇక అసలు పని. రాగిపిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. అందుకే ముందు చన్నీళ్లలో కలుపుకుంటాం. ఇక్కడా అంతే. నానోట్యూబులు ఒకదాన్నొకటి గట్టిగా అంటుకుని ఉంటాయి, చిక్కటి సిలికోన్‌లో ఎంత తిప్పినా విడిపోవు. ముందు ఆల్కహాల్‌లో వేసి, బీకరును ఐసులో పెట్టి, 5 సెకన్లు నడిపి 5 సెకన్లు ఆపుతూ 30 నిమిషాలు సోనికేట్ చేయండి. ఐసు తప్పనిసరి, వేడెక్కితే ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. మంచిదే కదా అని గంటల తరబడి నడపకండి, ట్యూబులు ముక్కలవుతాయి. పొడవాటి ట్యూబులు ఒకదాన్నొకటి తాకుతూ గొలుసు కడితేనే కరెంటుకు దారి. కార్బన్ బ్లాక్ చవక, కానీ గుండ్రటి గింజలతో ఆ గొలుసు కట్టాలంటే చాలా ఎక్కువ పొడి పోయాలి. నేనైతే వాడను.

ఇప్పుడు సిలికోన్ పోసి మరో 10 నిమిషాలు సోనికేట్ చేయండి. తర్వాత ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే గూటిలో), 70 డిగ్రీల హాట్ ప్లేట్ మీద, స్టిర్రర్ ఆపకుండా ఆల్కహాల్ పోగొట్టండి. ఆపితే ట్యూబులు మళ్లీ జట్టు కడతాయి. అయిపోయిందో లేదో వాసన చూసి చెప్పేవాళ్లను నమ్మకండి. ఖాళీ బీకరును, లోపల తిరిగే స్టిర్రర్ మాగ్నెట్‌తో సహా ముందే తూచి ఉంచుకుంటే, దానికి 20.44 గ్రాములు కలిపిన బరువుకు దిగినప్పుడే అయిపోయినట్టు. ఒక చుక్కను రెండు గాజు స్లైడుల మధ్య నొక్కి వెలుగుకు పట్టండి. అంతటా ఒకే బూడిదరంగు ఉండాలి. నల్లచుక్కలు కనిపిస్తే కొత్త బీకరుతో మొదలుపెట్టడమే.

హార్డెనర్ చివర్లోనే, చల్లారాకే. ముందే పోస్తే హాట్ ప్లేట్ మీదే గట్టిపడుతుంది. బుడగలు పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, అచ్చులో పోసి, 80 డిగ్రీల్లో రెండు గంటలు.

మల్టీమీటర్ సూదులు నేరుగా గుచ్చకండి. పైన పల్చటి సిలికోన్ పొర ఉంటుంది, అది కరెంటును ఆపుతుంది. రెండు చివరలా సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సిల్వర్ పేస్ట్ పూసి కొలవండి. ముక్కను లాగి పట్టుకుని మాత్రం కొలవొద్దు. లాగితే గొలుసులు తెగి అంకె మారిపోతుంది. స్ట్రెయిన్ సెన్సర్లు (ఎంత సాగిందో కొలిచేవి) చేసేవాళ్లకు కావలసింది ఆ మార్పే అనుకోండి.