కొత్త ర్యామ్ వేశాక తెర వెలగకపోతే – నా అనుభవం

విజయవాడలో మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్‌కు తోడుగా మరో 8 జీబీ వేయగానే, ఫ్యాన్ తిరుగుతున్నా తెర మాత్రం వెలగలేదు. పాత ర్యామ్‌ను, దాన్ని అమర్చే రెండు స్లాట్లలోనూ విడివిడిగా పెట్టి చూస్తే మామూలుగానే ఆన్ అయింది కాబట్టి, స్లాట్లలో లోపం లేదని తేలింది.

లేబుళ్లు చదివితే అసలు కారణం తెలిసింది: పాతది 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ రకం ర్యామ్, కొత్తది 1.5 వోల్టులు కావాల్సిన డీడీఆర్3 రకం. రెండింటికీ 204 పిన్నులే, అంచులోని గాడి కూడా ఒకచోటే ఉండటంతో ఏ రకమైనా ఆ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది; కానీ తక్కువ వోల్టేజీకే రూపొందించిన బోర్డు 1.5 వోల్టుల రకాన్ని నడపలేదు. అమ్మేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మా ఊరి గవర్నర్‌పేటలో కొత్త ర్యామ్‌ను డీడీఆర్3ఎల్‌తో మార్పించుకుని, ఛార్జర్ తీసి, బ్యాటరీని విడదీసి, స్లాట్‌లోని దుమ్మును మెత్తని బ్రష్‌తో తుడిచి, రెండు పక్కల క్లిప్పులు పట్టుకునేవరకు నొక్కాను. మొత్తం 12 జీబీ కనిపించింది. ర్యామ్‌ను పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌లోనూ లోపమేదీ బయటపడలేదు.