గ్రీన్ టీతో పుక్కిలింత
గుంటూరు మిరపతో దంచిన వెల్లుల్లి కారం తిన్నాక నోటి వాసన ఇబ్బంది పెడుతుంటే, ఏమీ కలపని గ్రీన్ టీని గోరువెచ్చగా చల్లార్చి, అర నిమిషం పుక్కిలించి ఉమ్మివేయండి. ఇది పళ్లకూ మేలే: అందులోని కాటెకిన్లు అనే సహజ పదార్థాలు, ముఖ్యంగా ఈజీసీజీ అనే రకం, పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బ్యాక్టీరియా పెరుగుదలను అడ్డుకోవడమే కాక, అది పంటికి అంటుకోవడాన్నీ తగ్గిస్తాయి. చక్కెర కలిపితే మాత్రం ఆ సూక్ష్మజీవికే విందు పెట్టినట్టవుతుంది. మరుగుతున్న నీటిలో ఆకు చేదెక్కుతుంది కనుక, పొయ్యి కట్టేసి కాసేపు ఆగి, దాదాపు 80 డిగ్రీల వేడి నీటిలో ఆకు వేసి, లేత పసుపు రంగు దిగగానే, అంటే 3 నిమిషాలకల్లా, వడకట్టాలి. విజయవాడ ఎండల్లో పొద్దున కాచినదాన్ని సాయంత్రానికి దాచవద్దు. పళ్లు తోముకోవడానికి ఇది ప్రత్యామ్నాయం కాదు.