బ్యాంకాక్‌లో బౌద్ధ డిటెక్టివ్: క్రైమ్ నవల రాయాలనుకునేవాళ్ల కోసం

బ్యాంకాక్‌లో ఒక బౌద్ధ పోలీసు హీరోగా క్రైమ్ నవల రాయాలని ఉంటే, మొదటి అధ్యాయం మొదలుపెట్టకముందే ఒక పరీక్ష పెట్టుకోండి. కథలోంచి బౌద్ధాన్ని మొత్తం తీసేసినా కేసు అలాగే తేలిపోతుందా? తేలిపోతే మీ హీరో మెడలో బుద్ధుడి బిళ్ల వేసుకున్న మామూలు ఇన్‌స్పెక్టరే, ఆ కథ వైజాగ్‌లోనో వరంగల్‌లోనో పెట్టి రాసుకోవచ్చు. ధ్యానం చేస్తూ ఒక సీను, అగరొత్తుల పొగలో ఒక సీను, చివర్లో కర్మ గురించి ఒక డైలాగు పెడితే అది బౌద్ధ డిటెక్టివ్ నవల అయిపోదు. అతని నమ్మకమే కేసుకి అడ్డం రావాలి, అదే దారి కూడా చూపించాలి.

ముందు ఏ బౌద్ధమో తేల్చుకోండి. మనకి బౌద్ధం అనగానే అమరావతి, నాగార్జునకొండ, శూన్యవాదం గుర్తొస్తాయి. థాయ్‌లాండ్‌లో ఉన్నది థేరవాదం. పాలీ సూత్రాలు, 227 నియమాలు పాటించే భిక్షువులు, తెల్లవారగానే భిక్షాటన, మధ్యాహ్నం దాటితే భోజనం లేదు. దాని పక్కనే వీధి వీధికీ భూతగృహాలు (ఆ చోటి ఆత్మల కోసం పెట్టే చిన్న గుళ్లు), బ్రహ్మదేవుడి గుడి, తాయెత్తుల బజారు, అన్నీ కలిసే నడుస్తాయి. మీ హీరో ఉదయం భిక్షువుకి అన్నం పెట్టి, సాయంత్రం ఎరవాన్ గుడి దగ్గర బ్రహ్మకి పూలదండ వేస్తే అందులో వైరుధ్యం ఏమీ లేదు, అక్కడి జనం బతికే పద్ధతే అది. దాన్ని వింతగా చూపించొద్దు.

ఇప్పుడు పంచశీల. నవలకి ఇంధనం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగుదాం. చంపకూడదు, ఇవ్వనిది తీసుకోకూడదు, కామంలో తప్పు నడవకూడదు, అబద్ధం ఆడకూడదు, మత్తు పుచ్చుకోకూడదు. ఒక పోలీసు ఉద్యోగం పక్కన ఈ ఐదూ పెట్టి చూడండి. నడుముకి తుపాకీ ఉంది. స్టేషన్లో కవర్లు చేతులు మారుతుంటాయి, ఒక్కడు వద్దంటే మిగతావాళ్లందరికీ టెన్షన్. ఇన్‌ఫార్మర్ బార్‌లో తప్ప ఇంకెక్కడా కలవనంటాడు. అన్నిటికంటే కష్టం నాలుగోది. 'నీ ఫ్రెండు అంతా చెప్పేశాడు' అని నిందితుణ్ణి బుకాయించడం ఏ క్రైమ్ నవలలోనైనా మామూలే, మీ హీరో మాత్రం ఆ మాట అనలేడు. నిజాలు మాత్రమే, సరైన వరసలో, సరైన చోట ఆగుతూ చెప్పి అవతలివాడి నోరు తెరిపించాలి. అలాంటి ఇంటరాగేషన్ సీను రాయడం కష్టమే కానీ, పుస్తకం మొత్తంలో బలమైన సీను అదే అవుతుందని నా నమ్మకం.

అలాగని అతన్ని మహాత్ముణ్ణి చేయొద్దు. థాయ్‌లాండ్‌లో చాలామంది ఏడాదంతా తాగి, భిక్షువులు వానాకాలంలో ఒకే చోట ఉండే వర్షావాసం మూడు నెలలు మాత్రం మానేస్తారు. జులై నుంచి అక్టోబరు దాకా ఉండే ఆ కాలంలో కథ పెట్టుకుంటే హీరో శీలం ఈ మధ్యే పట్టుకున్నది, ఇంకా పట్టు కుదరనిది అవుతుంది, పైగా వానాకాలం కాబట్టి సందుల్లో నీళ్లు నిలబడి సాక్ష్యాలు కొట్టుకుపోయే అవకాశం కూడా మీ చేతికొస్తుంది.

తర్వాతి విషయం కర్మ. 'చేసినవాడు అనుభవిస్తాడు' అనే మాటతో సరిపెట్టేయకండి. బుద్ధుడు అంగుత్తర నికాయంలో (పాలీ సూత్రాల సంపుటాల్లో ఒకటి) చేతననే కర్మ అంటాను అని చెప్పాడు, అంటే చేసిన పని వెనకున్న ఉద్దేశం. హత్య కేసులో కోర్టు అడిగేది కూడా చాలావరకు అదే కదా, కావాలని చేశాడా, అనుకోకుండా జరిగిందా అని. కాబట్టి మీ డిటెక్టివ్ ఎవరు చంపారన్న దగ్గర ఆగడు, పొడిచిన క్షణంలో ఆ మనసులో ఏముందన్నది తేలేదాకా అతనికి కేసు ముగిసినట్టు కాదు. చట్టం మూసేసిన ఫైలుని అతను మళ్లీ తెరవడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

భిక్షువుగా మారిన బందిపోటు అంగుళిమాలుడి కథ మీకు తెలిసే ఉంటుంది, మజ్జిమ నికాయం అనే ఇంకో సంపుటంలోది, కానీ ఈసారి పోలీసు కళ్లతో చదవండి. ప్రసేనజిత్తు రాజు ఐదువందల గుర్రాలతో బందిపోటుని పట్టుకోవడానికి బయల్దేరి దారిలో బుద్ధుణ్ణి చూడ్డానికి ఆగితే, ఆ హంతకుడు గుండు చేయించుకుని, కాషాయం కట్టుకుని పక్కనే కూర్చుని ఉంటాడు. రాజు అరెస్టు చేయకుండా వెళ్లిపోతాడు. కానీ జనం మర్చిపోలేదు, భిక్షకి వెళ్తే రాళ్లు పడి తల పగిలింది. మారిన మనిషిని ఏం చేయాలి, చచ్చిపోయినవాళ్ల ఇంటివాళ్లకి ఏం సమాధానం చెప్పాలి అన్న ప్రశ్న రెండున్నర వేల ఏళ్లుగా అలాగే ఉంది. ఆ తర్వాత పేరుమోసిన దొంగలకి దీక్ష ఇవ్వకూడదని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో నియమమే వచ్చింది. మీ హంతకుడు కాషాయం వెనక దాక్కున్నాడనుకోండి, ఈ పాత కథే వెన్నెముకగా నిలబడుతుంది. ఇంకొకటి, థాయ్‌లాండ్‌లో భిక్షువుని కాషాయంతో జైల్లో పెట్టరు, ముందు దీక్ష విడిపించాలి. ఆ దీక్ష విడిచే సీనుని తొందరపడి రెండు లైన్లలో ముగించకండి. చిన్నప్పటి నుంచి కాషాయం కనిపిస్తే దండం పెట్టిన పోలీసు ఆ గదిలో నిలబడి చూడాలి.

శవం సంగతికొస్తే, బ్యాంకాక్‌లో ప్రమాదం జరిగినా హత్య జరిగినా అక్కడికి ముందుగా చేరేవాళ్లలో పో తెక్ తుంగ్, రువమ్‌కతన్యు లాంటి సంస్థల వాలంటీర్లు ఉంటారు. దిక్కులేని శవాన్ని మోయడం వాళ్లకి పుణ్యం. ఇలాంటి వాలంటీరుని ఒక ముఖ్య పాత్ర చేయండి, రాత్రుళ్లు ఊరంతా అతనికి తెలుసు. మామూలు చావైతే శవాన్ని గుడిలో ఉంచి మూడు, ఐదు లేదా ఏడు సాయంత్రాలు అభిధర్మ పఠనం చేయించి, తర్వాత ఆ గుడిలోని కొలిమిలోనే దహనం చేస్తారు, శుక్రవారం మాత్రం చేయరు. ప్రమాదమని రాసేసిన కేసు మీద మీ హీరోకి అనుమానం వచ్చిందంటే, ఏడో సాయంత్రం లోపు రుజువు చూపించాలి, లేదంటే సాక్ష్యం బూడిదే. సస్పెన్స్ కోసం బాంబులు, టైమర్లు అక్కర్లేదు.

మార్చురీలో హీరో ఏం చేస్తాడో కూడా ఆలోచించండి. సతిపట్ఠాన సూత్రంలో శవం తొమ్మిది దశల్లో ఎలా ఉబ్బి, నీలంగా మారి, ఎముకలై, చివరికి పొడి అవుతుందో చూస్తూ చేసే ధ్యానం ఉంది. ఇంతకుముందు కొన్నాళ్లు భిక్షువుగా ఉండొచ్చిన పోలీసుకి ఆ చూపు అలవాటైతే, ముక్కు మూసుకుని పక్కకి తిరిగే డాక్టరు కంటే ఒక గాయం ఎక్కువ గమనిస్తాడు. ధ్యానం కేసుకి పనికొచ్చేది ఇలాంటి చోట్లే, కళ్లు మూసుకుంటే హంతకుడి మొహం కనపడటంలో కాదు. ఆ పని మాత్రం దయచేసి చేయొద్దు.

ఊరుని క్లూల కోసం వాడుకోండి, పోస్ట్‌కార్డు వర్ణన వద్దు. సుఖుమ్‌విత్ రోడ్డుకి ఉత్తరం వైపు బేసి నంబరు సందులు, దక్షిణం వైపు సరి నంబర్లు, కానీ అవి ఎదురెదురుగా రావు. సోయ్ (అంటే సందు) 55 ఎదురుగా దాదాపు సోయ్ 38 ఉంటుంది. 'మా ఎదురు సందు 56' అన్నవాడు అక్కడ ఎప్పుడూ ఉండలేదన్నమాట. సేన్‌సేప్ కాలువ పడవలు అర్ధరాత్రి నడవవు, పడవలో ఇంటికెళ్లానన్న సాక్షి అబద్ధమాడుతున్నట్టే. కాగితాల మీద బౌద్ధ శకం ఉంటుంది, మన సంవత్సరానికి 543 కలపాలి, 2025 అంటే 2568. విదేశీయుడు తయారుచేసిన దొంగ పత్రం ఆ లెక్క దగ్గరే దొరికిపోవచ్చు. భిక్షువులు రోజూ తెల్లవారుజామున అవే సందుల్లో నడుస్తారు కాబట్టి వాళ్లని మించిన సాక్షులు లేరు, కానీ మీ డిటెక్టివ్ ఆడమనిషి అయితే ఫొటో కూడా చేతికి నేరుగా ఇవ్వకూడదు, గుడ్డ మీద పెట్టాలి, ఒంటరిగా గదిలో కూర్చుని ప్రశ్నించడం కుదరదు.

నేరం ఎంచుకునేటప్పుడు డాన్‌లు, బార్లు పక్కన పెట్టండి, మన సినిమాలు బ్యాంకాక్‌ని ఆ రెండిటికే పరిమితం చేశాయి. గుళ్ల విరాళాల డబ్బు ఉంది, దొంగిలించి అమ్మేసే పాత బుద్ధ విగ్రహాలు ఉన్నాయి. తెలుగు పాత్ర కావాలంటే నిజమైన దారే ఒకటి ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని బ్యాంకాక్ తీసుకెళ్లి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాలు చేయించడం. 2025 మార్చిలో అలాంటి కేంద్రాల నుంచి బయటపడ్డ వందల మంది భారతీయులని థాయ్ సరిహద్దు ఊరు మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్లలో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. బెదిరింపుకి లొంగి ఇంకొకరి డబ్బు కాజేసినవాడి ఉద్దేశం ఏమిటి, వాడు దోషా బాధితుడా? మీ డిటెక్టివ్‌కి సరిగ్గా సరిపోయే కేసు ఇది.

పేర్ల విషయంలో జాగ్రత్త. థాయ్‌వాళ్లు ఆఫీసులో కూడా మొదటి పేరుతోనే పిలుచుకుంటారు, ఇంట్లో, స్నేహితుల మధ్య పొట్టి ముద్దుపేరు. ఇంటిపేర్లు 1913 చట్టంతో వచ్చాయి, ఒక్కో కుటుంబానికి ఒక్కటే ఉండేలా చూశారు, కాబట్టి నెట్‌లో దొరికిన ఇంటిపేరుని హంతకుడికి పెడితే అది నిజంగా ఒక కుటుంబానిది అయ్యుంటుంది. ముద్దుపేరుతోనే నడిపించండి. రాజకుటుంబాన్ని కథలోకి అసలు తేవొద్దు, అక్కడ శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో ఆరోపణకి మూడు నుంచి పదిహేనేళ్ల జైలు, మీకు వివరాలు చెప్పి సాయం చేసిన బ్యాంకాక్ స్నేహితులు కూడా ఇబ్బందుల్లో పడొచ్చు.