అచ్చంపేట, నల్లమల వైపు బయల్దేరే ముందు

☐ అన్నిటికన్నా ముందు టైమ్. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ అది, బతిమాలినా వదలరు, వదలకూడదు కూడా. హైదరాబాద్‌లో తెల్లవారుజామునే బయల్దేరితే టెన్షన్ ఉండదు.

☐ పెట్రోలు అచ్చంపేటలోనే నింపుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

☐ మల్లెలతీర్థం జలపాతానికి దాదాపు 350 మెట్లు దిగాలి. వానాకాలంలో మెట్లపై సన్నగా పాచి పడుతుంది, ఎండిన ఆకుల కింద అది కనిపించదు. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకుని, పాదం పూర్తిగా ఆనించి దిగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను దయచేసి బలవంతపెట్టకండి, ఎక్కేటప్పుడే అసలు కష్టం. నీళ్లు చూడాలంటే వానల తర్వాతే రండి, ఎండాకాలంలో ధార సన్నబడిపోతుంది.

☐ ఉమామహేశ్వరం గుడి దగ్గర కోతులుంటాయి. ప్రసాదం సంచిలో పెట్టి జిప్ వేయండి.

☐ అడవి లోపల లోయలో ఉన్న శివక్షేత్రం సలేశ్వరానికి మామూలు రోజుల్లో వెళ్లడం కుదరదు. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే అనుమతిస్తారు.

☐ ప్లాస్టిక్ కవర్లు అస్సలు వద్దు, ఇది పులులుండే అడవి. స్టీలు సీసాలో నీళ్లు, చెత్త వేసుకోవడానికి ఒక గుడ్డసంచి పెట్టుకోండి.