మిద్దెతోట ఛానెల్‌కి నిజంగా చూసేవాళ్ళు రావాలంటే

కొత్తగా ఛానెల్ పెట్టగానే చాలామంది "నువ్వు నాకు సబ్ చెయ్, నేను నీకు చేస్తా" గ్రూపుల్లో చేరిపోతారు, దయచేసి అది మాత్రం వద్దండి. యూట్యూబ్ రూల్స్ ప్రకారం అది ఫేక్ ఎంగేజ్‌మెంట్ కిందికి వస్తుంది, పైగా అలా వచ్చినవాళ్ళు మీ వీడియో చూడరు, లాంగ్ వీడియోల మీద యాడ్ డబ్బులు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ కూడా ఉండాలి కదా, అదెవరు ఇస్తారు?

మీలాగే మొక్కలు పెంచే చిన్న ఛానెల్స్ కొన్ని వెతుక్కోండి, వీడియో పూర్తిగా చూసి కామెంట్ పెట్టండి. "సూపర్ అక్కా" అని వదిలేయకుండా, "మా బెండకీ పిండినల్లి పట్టింది, నీళ్ళలో కాస్త వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొడితే తగ్గింది" అని రాస్తే ఆ అక్కకీ పనికొస్తుంది, కింద చదివేవాళ్ళు కూడా ఎవరీవిడ అని మీ ఛానెల్‌కి వస్తారు. అక్కడ మీ లింక్ మాత్రం పెట్టొద్దు, నాకైతే అది చూస్తేనే చిరాకు.

కాస్త పరిచయం అయ్యాక విత్తనాలు ఇచ్చిపుచ్చుకోండి. వాళ్ళిచ్చిన చిక్కుడు కాపుకొచ్చినప్పుడు వాళ్ళ పేరు చెప్పి వీడియో చెయ్యండి, ఇన్‌స్టాలో అయితే కొలాబ్ పోస్ట్ పెడితే ఒకే పోస్ట్ ఇద్దరి ప్రొఫైల్‌లోనూ కనిపిస్తుంది, లైకులూ కామెంట్లూ ఇద్దరివీ కలిసే ఉంటాయి.

మీకొచ్చిన ప్రశ్నలకి మాత్రం అదేరోజు రిప్లై ఇవ్వండి, తెలియకపోతే తెలిసినవాళ్ళని ట్యాగ్ చెయ్యండి.