క్వాంటం సెన్సార్ ప్రపోజల్: లిఫ్టు నేర్పిన పాఠం

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాడు, వాడు చేసిన చిన్న అయస్కాంత సెన్సార్ ల్యాబ్‌లో పనిచేస్తోంది. "అక్కా, కేంద్రం పెట్టిన నేషనల్ క్వాంటం మిషన్‌లో ఆరు వేల కోట్లు ఉన్నాయట కదా, మనకో రెండు కోట్లు ఇవ్వరా?" అన్నాడు. ఇస్తారు. కానీ ఆ ఆరు వేల కోట్లు చూసి ప్రపోజల్ రాయడానికి కూర్చుంటే నాకు జరిగిందే వాడికీ జరుగుతుంది. ఆ రోజు రెండు గంటలు వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో నలుగురం పనిచేసే కంపెనీ, వజ్రంతో అయస్కాంత సెన్సార్లు చేస్తాం. వజ్రంలో ఒక కార్బన్ బదులు నైట్రోజన్ చేరి, దాని పక్కన ఒక ఖాళీ ఉంటే, ఆ జంట మీద ఆకుపచ్చ లేజర్ వేస్తాం, మైక్రోవేవ్ ఇస్తాం, బయటికొచ్చే ఎర్ర వెలుగు చూస్తాం. 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ వెలుగు కొంచెం తగ్గుతుంది. అయస్కాంత క్షేత్రం ఒక నానోటెస్లా మారితే ఆ తగ్గే చోటు 28 హెర్ట్జ్ జరుగుతుంది. మొదటి ప్రపోజల్‌లో ఇదంతా ఆరు పేజీలు రాశాను, బొమ్మలతో సహా. నిధులిచ్చే కమిటీలో యూనిఫాంలో ఉన్న పెద్దాయన ఒకరు అన్నీ విని ఒకటే అడిగారు: "ఇది జీపులో పెడితే భూమి అయస్కాంతాన్ని కొలుస్తుందా, జీపు ఇంజన్‌లో ఇనుమును కొలుస్తుందా?"

నా దగ్గర జవాబు లేదు. ప్రపోజల్ వెనక్కి వచ్చింది.

వారం రోజులు కోపంగా తిరిగాను. తర్వాత ల్యాబ్‌లో పాత డేటా తిరగేస్తుంటే ఒక సంగతి కనబడింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పది దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనాల వేళ గ్రాఫ్ గంతులేస్తోంది. గోడ అవతల మా బిల్డింగ్ లిఫ్టు ఉంది. దాని ఇనప బరువు పైకీ కిందకీ పోయినప్పుడల్లా మా సెన్సార్ చూస్తోంది. ఆర్నెల్ల పాటు దాన్ని నాయిస్ అనుకుని ఫిల్టర్ చేసి పారేశాం. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు గోడ పక్కనే ఉంది, మేమే చూడలేదు.

ఆయనకు కావలసింది ఫిజిక్స్ కాదు, బయట పనిచేస్తుందా అన్నది. అందుకే మొదటి పేజీలో క్వాంటం అన్న మాట ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. అడిగేవాళ్లకు కావలసిన అంకె అక్కడ ఉండాలి. నావిగేషన్ అయితే ఆ అంకె తేలిగ్గానే దొరుకుతుంది. జీపీఎస్ జామ్ చేశారనుకోండి. వాహనం వేగంలో మార్పును కొలిచే తన యాక్సిలరోమీటర్‌ని నమ్ముకుని పోవాలి. దాంట్లో గురుత్వంలో పదివేల వంతు తప్పు స్థిరంగా ఉన్నా, గంట తిరిగేసరికి ఆరు కిలోమీటర్ల పైన తేడా వస్తుంది, ఎందుకంటే తప్పు సమయం వర్గంతో పెరుగుతుంది. అదే గడియారం విషయమైతే ఒక నానోసెకను తప్పు అంటే కాంతి 30 సెంటీమీటర్లు పోయే దూరం, మైక్రోసెకను అంటే 300 మీటర్లు. "గంటకు ఇంత తేడా వస్తోంది, మా పరికరం దాన్ని ఇంతకు తగ్గిస్తుంది" అన్న ఒక్క వాక్యం నా ఆరు పేజీలకన్నా ఎక్కువ పని చేసింది. మాలాగా భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి, పటంతో పోల్చి దారి పట్టే పద్ధతి అయితే, సెన్సార్ ఎంత సున్నితం అన్నది సగం కథే. బండి ఇనుము, వైర్లలో కరెంటు, మలుపు తిరిగినప్పుడు వచ్చే తేడా, ఒక్కోటీ ఎంత తప్పు తెస్తుందో పట్టిక వేయండి. రెండోసారి నేను లిఫ్టు గ్రాఫ్‌నే అందులో పెట్టాను, ఏ నిమిషంలో లిఫ్టు కదిలిందో గీతలు గీసి మరీ.

సర్కారుకు ఇది ఎందుకు కావాలో కూడా ఒక పేరా రాయాలి. దేశభక్తి ఉపన్యాసం అక్కర్లేదు. జీపీఎస్ లాంటి మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో విదేశాల నుంచి తెచ్చిన రుబీడియం అణుగడియారాలు మూడూ పాడయ్యాయి. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు తయారుచేసిన రుబీడియం గడియారం పెట్టారు. ఈ రెండు వాక్యాలు చాలు.

ఇక ఏ గుమ్మం తొక్కాలి? క్వాంటం మిషన్‌కు కేంద్ర కేబినెట్ 2023 ఏప్రిల్ 19న 6,003.65 కోట్లు ఒప్పుకుంది, 2030-31 దాకా. అది నాలుగు రంగాలకు కలిపి. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీలో, కమ్యూనికేషన్ మద్రాస్ ఐఐటీలో, మెటీరియల్స్ ఢిల్లీ ఐఐటీలో, మన సెన్సింగ్ బొంబాయి ఐఐటీలో. వీటిని థీమాటిక్ హబ్ అంటారు, ముద్దుగా టీ-హబ్. హైదరాబాద్ రాయదుర్గంలో స్టార్టప్‌ల టీ-హబ్ వేరే ఉంది కాబట్టి మనవాళ్లు ఇక్కడే తికమకపడతారు. మా పిన్ని కొడుకు "టీ-హబ్ అంటే రాయదుర్గంలోదేగా, బైక్ మీద పోయొస్తా" అన్నాడు! కాదు నాయనా, ఇది ముంబయి పవాయిలో ఉంది. అయితే రాయదుర్గం టీ-హబ్‌తోనూ పని పడుతుంది, స్టార్టప్‌లకు గ్రాంట్లిచ్చే రక్షణశాఖ పథకం ఐడెక్స్‌కు అది పార్ట్‌నర్ ఇంక్యుబేటర్. మీరు యూనివర్సిటీలో ఉంటే, ఇంకా భౌతికశాస్త్రమే తేలాల్సి ఉంటే, బొంబాయి హబ్‌లోని బృందాలతో కలవడం మంచి దారి. కంపెనీ పెట్టేసి, బల్ల మీద పనిచేసే నమూనా చేతిలో ఉంటే ఐడెక్స్ చూడండి. 2024 నవంబర్‌లో మిషన్ తరఫున ప్రకటించిన 8 స్టార్టప్‌ల జాబితా కూడా చూడండి. అందులో అణుగడియారాలు చేసే పుణె కంపెనీ ఉంది, వజ్రాల పదార్థం చేసే అహ్మదాబాద్ కంపెనీ ఉంది. ఎవరికి ఇచ్చారో చూస్తే ఏం అడగాలో తెలుస్తుంది, పైగా రేపు మీకు వజ్రం అమ్మేది వాళ్లే కావచ్చు.

ఐడెక్స్ స్పార్క్ గ్రాంట్ కోటిన్నర దాకా, ఐడెక్స్ ప్రైమ్ పది కోట్ల దాకా, అదితి పథకం పాతిక కోట్ల దాకా. ఈ అంకెలు చూసి ఎగిరి గంతేయకండి. వాటాకు వాటా మీరూ పెట్టాలి. డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌లో ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం దాకా ఇస్తారు, ప్రాజెక్టుకు 50 కోట్ల పరిమితి. 2025లో వచ్చిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) నిధి ప్రధానంగా తక్కువ వడ్డీ అప్పు, వాటా పెట్టుబడి రూపంలో ఉంటుంది, దాన్ని గ్రాంట్ అనుకోవద్దు. అదీ టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంత సిద్ధంగా ఉందో చెప్పే మెట్టు) 4, ఆపైన ఉన్నవాటికి. అంటే ల్యాబ్‌లో నిరూపణ అయిపోయి ఉండాలి. మీ టీఆర్‌ఎల్ ఎంతో నిజాయితీగా రాయండి. 3ని 5 అని రాస్తే మొదటి సైట్ విజిట్‌లోనే తెలిసిపోతుంది.

డబ్బు వచ్చే తీరు అసలైన టెన్షన్. మొత్తం ఒకేసారి రాదు. మైల్‌స్టోన్ పూర్తిచేసి, చూపించి, యూసీ ఇస్తేనే తర్వాతి విడత. యూసీ అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే సర్టిఫికెట్, సర్కారు ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారం, సీఏ సంతకంతో. నేను మొదటి మైల్‌స్టోన్‌లో "పికోటెస్లా స్థాయి సాధించడం", అంటే నానోటెస్లాలో వెయ్యో వంతు, అని రాసుకుని నా మెడకు నేనే ఉరి వేసుకున్నాను. మొదటి మైల్‌స్టోన్ ఎప్పుడూ మీ చేతిలో ఉన్నదే అయి ఉండాలి: డిజైన్ రివ్యూ, సామాను ఆర్డర్, బల్ల మీద కొలత. మాకు లేజర్ కస్టమ్స్‌లో చిక్కుకుని తొమ్మిది వారాలు ఆలస్యమైంది. ఆ తొమ్మిది వారాలూ జీతాలు మా అమ్మ పెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద నడిచాయి. కనీసం ఆర్నెల్ల జీతాలు విడిగా పెట్టుకోండి. బయటినుంచి వచ్చే ప్రతి వస్తువుకూ కొటేషన్లు ముందే తెచ్చుకోండి, పక్కనే "ఇది రాకపోతే ఏంచేస్తాం" అని ఒక గడి పెట్టండి. కమిటీ ఆ గడినే చదువుతుంది.

నిన్న రాత్రి మా తమ్ముడు డ్రాఫ్ట్ పంపాడు. మొదటి వాక్యం: "క్వాంటం మెకానిక్స్ ఇరవయ్యో శతాబ్దపు మహత్తర ఆవిష్కరణ." చదవడం అక్కడే ఆపి మెసేజ్ పెట్టాను: "మీ ల్యాబ్ ఎన్నో అంతస్తులో ఉంది? లిఫ్టు ఎంత దూరం?"